ఒక పూట – రెండు ఇళ్ళు

ఊరు వెళ్ళి తిరిగి వచ్చే రోజున ఏ సంసారంలోనైనా ఒక తగువు తప్పదు. సామాను సర్దడం దగ్గర మొదలై, "ఇంత దూరం వచ్చి అది చూడకుండా పోతామా?" అన్నదగ్గర ముదురుతుంది. మాకు ఆ తగువు ఢిల్లీలో, ఆంధ్రా భవన్ భోజనశాలలో, కందిపొడి కలుపుకున్న అన్నం ముందు వచ్చింది.

2012 డిసెంబరు సంగతి. మావారి పినతండ్రి కొడుకు ఆర్.కె. పురంలో ప్రభుత్వ క్వార్టర్సులో ఉండేవాడు. అతని కూతురి పెళ్ళికి తెనాలి నుంచి నలుగురం బయలుదేరి వెళ్ళాము. మావారు, నేను, ఇంటరు రెండో ఏడు చదువుతున్న మా అమ్మాయి శ్రావణి, ఎనభై ఏళ్ళు నిండిన మా మామగారు. పెళ్ళి అయిపోయింది. ఎర్రకోట చూశాము. కుతుబ్ మీనారు కింద నిలబడి ఫోటో తీయించుకున్నాము. ఆఖరి రోజున తెల్లవారి పొగమంచు విడిచేసరికి పది దాటింది. బంధువుల వీడ్కోళ్ళు, బొట్టు పెట్టి పెట్టిన చీరలు, డబ్బాలో పోసి ఇచ్చిన లడ్డూలు అయ్యేసరికి పన్నెండు. సామాను వాళ్ళింట్లోనే ఉంచి, నాలుగు రోజులుగా పెళ్ళివంటలు తిన్న నోటికి కాస్త గోంగూర తగిలించుదామని ఆంధ్రా భవనుకు వచ్చి, వరసలో నిలబడి, విస్తరి ముందు కూర్చునేసరికి రెండు కావచ్చింది.

రాత్రికి రైలు. చేతిలో ఉన్నది గట్టిగా మూడు గంటలు. చలికాలం ఢిల్లీలో అయిదున్నరకే పొద్దు గుంకుతుంది. పైగా మా మామగారి మోకాళ్ళు ఒక మేడ ఎక్కి దిగడానికి ఒప్పుకుంటాయి గాని రెండో దానికి ఒప్పుకోవు. అంచేత వెళ్ళగలిగితే ఒక్కచోటికే వెళ్ళగలము.

"తీన్ మూర్తి భవనం చూద్దామర్రా" అన్నారు మామగారు.

"జైపూర్ హౌసు, తాతయ్యా! అక్కడ బొమ్మలున్నాయి" అన్నది శ్రావణి, అదే క్షణాన.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మావారు మజ్జిగ పోసుకుంటూ, "ఎటైనా ఒకటే. ఎనిమిదింటికి మాత్రం స్టేషనులో ఉండాలి" అన్నారు. ఆయన ఎప్పుడూ అంతే. తగువు తీర్చే భారం నా కొంగున ముడివేసి, తాను గడియారం చూసుకుంటారు.

ఇందులో తేలికైన పక్షం ఏదీ లేదు సుమండీ. ఇద్దరి మాటా వినండి.

మా మామగారు పల్లెటూరి బడిలో మాస్టారుగా చేరి, హెడ్‌మాస్టరుగా రిటైరయిన మనిషి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరుకు శంకుస్థాపన చేయడానికి నెహ్రూగారు వచ్చినప్పుడు ఈయనకు ఇరవై మూడేళ్ళు. కొత్తగా ఉద్యోగంలో చేరారు. ఎవరి బండిలోనో, ఎవరి లారీలోనో పడి అక్కడికి వెళ్ళారట. ఆ జనసముద్రంలో నెహ్రూగారు చీమంత కనిపించారట. "టోపీ ఒక్కటే చూశాను. కాదు, అదీ ఇంకొకరి టోపీయేమో!" అని తానే నవ్వేవారు. ఆయనను దగ్గరగా చూసే అదృష్టం ఎటూ లేకపోయింది. ఆయన ఉన్న ఇల్లు, పడుకున్న గది, చదువుకున్న పుస్తకాలు ఒక్కసారి చూడాలని యాభై ఏడేళ్ళ ముచ్చట.

ఇక ఆ ఇల్లు మాత్రం తక్కువదా? అది దొరల కాలపు భవనం. ఇంగ్లీషువారు కొత్త ఢిల్లీ కట్టుకున్నప్పుడు తమ సైన్యాధిపతి నివాసం కోసం రాబర్టు టోర్ రసెల్ అనే వాస్తుశిల్పి చేత దానిని కట్టించారు. 1930 నాటికి పూర్తయింది. అప్పుడు దాని పేరు ఫ్లాగ్‌స్టాఫ్ హౌసు. వైస్రాయి మేడకు దక్షిణంగా, దానికి సరిగ్గా ఎదురు చూస్తున్నట్టు ఉంటుంది. స్వరాజ్యం వచ్చాక 1948లో ప్రధానమంత్రి అందులోకి మారారు. 1964 మే 27న అందులోనే కన్నుమూశారు. ఆ ఏడు నవంబరు 14న దానిని ఆయన స్మారకంగా జాతికి అంకితం చేశారు. ఇంత చరిత్రా మా మామగారికి కంఠోపాఠం.

శ్రావణి మాట వేరు. దానికి ఊహ తెలిసినప్పటినుంచి చేతిలో పెన్సిలు ఉన్నది. లెక్కల పుస్తకం అంచుల్లో పిల్లులు, ఫిజిక్సు నోటు వెనక మా పాలమ్మి మొహం. పదో తరగతి దాకా ముచ్చటపడ్డాము. ఇంటరులో చేరాక, "ఇంజనీరింగు చదవను, హైదరాబాదులో బొమ్మల కాలేజీలో చేరతాను" అన్నది. మావారు అన్నం ముందునుంచి లేచిపోయారు. ఇంట్లో నెల రోజులు మాటల్లేవు. దసరా సెలవుల్లో ఒకనాడు మళ్ళీ అదే రభస జరిగింది. ఆ మర్నాడు పాత కాగితాలవాడు వీధిలో కేక వేస్తే, నేను దినపత్రికలతో పాటు దాని బొమ్మల నోటుబుక్కులు రెండు కట్టలో పెట్టి తూకానికి వేసేశాను. కళ్ళ ఎదుట లేకపోతే తగువే ఉండదని నా తెలివి. కాలేజీ నుంచి వచ్చి వెతుక్కున్నది. సంగతి తెలిశాక నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఆనాటి నుంచి పెన్సిలు పట్టుకోలేదు. రెండు నెలల తరవాత అది నోరు విప్పి అడిగిన మొదటి కోరిక ఈ జైపూర్ హౌసు.

బయట ఆటోవాడు ఎక్కడికని అడిగాడు. మావారు నా వంక చూశారు. మామగారు మఫ్లరు సర్దుకుంటున్నారు. పెద్దవారి మాట ముందు చెల్లాలన్నది నాకు తెలియనిది కాదు. కోడలిగా ఇరవై ఏళ్ళలో ఆయన మాటకు అడ్డు చెప్పిన పాపాన పోలేదు. అయినా నా నోటి వెంట, "జైపూర్ హౌసు" అని వచ్చేసింది.

మామగారు ఒక్క క్షణం ఆగి, "అది దగ్గరే కదూ! మంచిదే" అన్నారు. అంతే.

నిజంగానే దగ్గర. ఇండియా గేటు చుట్టూ ఉన్న పెద్ద గుండ్రటి రోడ్డు మీదనే ఉన్నది. జైపూరు మహారాజు ఢిల్లీ వచ్చినప్పుడు బస చేయడానికి 1936లో కట్టిన భవనం. పైనుంచి చూస్తే సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టు ఉంటుందనీ, నడుమ గుమ్మటం దాని వీపనీ శ్రావణి చెప్పింది. రాజుల రాజ్యాలు పోయాక 1954లో ఇందులోనే ప్రభుత్వం వారు జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాల పెట్టారు. వెనక పెద్ద కొత్త భాగం కట్టి 2009లో తెరిచారు.

"కొత్త బొమ్మలు పెట్టడానికి కూడా పాత ఇల్లే కావలసి వచ్చిందన్నమాట!" అన్నారు మామగారు మెట్ల దగ్గర చెప్పులు దులుపుకుంటూ. ఆ మాటతో నా గుండె మీది బరువు సగం దిగింది.

తోటలో ఒక పెద్ద కంచు విగ్రహం ఉన్నది. నలుగురు కూలీలు బండరాయిని కదిలించడానికి ఒక్కుమ్మడిగా ఒరిగి నెట్టుతున్నారు. దానిని చూస్తూనే మామగారు ఆగిపోయారు. "ఇది మదరాసు మెరీనాలో ఉన్నదే! ఇక్కడికెలా వచ్చింది?" అన్నారు. అక్కడిదీ ఇక్కడిదీ కూడా దేవీప్రసాద రాయ్ చౌదరి చేసిన 'శ్రమ విజయమే'. ఆయన చాలా ఏళ్ళు మదరాసు కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నారు. మెరీనాలో దానిని 1959లో నిలబెట్టారు. తెలిసిన మనిషి పరాయి ఊళ్ళో ఎదురైనట్టు మామగారు ఆ కూలీల చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. "నరాలు చూశావటరా" అని మావారికి చూపించారు. మావారు కూడా గడియారం వంక చూడడం మానేశారు.

లోపల నేను భయపడినంత గందరగోళం లేదు. ఆధునిక చిత్రకళ అంటే అడ్డంగా గీసిన గీతలూ, మూడు కళ్ళ మొహాలూ అని నా అభిప్రాయం. అవీ ఉన్నాయి, లేకపోలేదు. కాని అవనీంద్రనాథ ఠాకూరు ఉన్నారు, నందలాల్ బోసు ఉన్నారు. మన పటాలవాళ్ళు వేసే పద్ధతిని ఎత్తుకుని పెద్ద పెద్ద కళ్ళు దిద్దిన జామినీ రాయ్ ఉన్నారు. అరవై ఏళ్ళు దాటాక కుంచె పట్టిన రవీంద్రుని బొమ్మలు ఉన్నాయి. అవి చూసి మామగారు, "కవిత్వం అంత స్పష్టంగా రాసిన మనిషి ఇంత చీకటి వేశాడేమిటి!" అని ఆశ్చర్యపోయారు.

శ్రావణి మాత్రం ఎక్కడా ఆగలేదు. వడివడిగా నడిచి అమృతా షేర్‌గిల్ బొమ్మలున్న చోట ఆగిపోయింది.

ఆ పేరు నేను అంతకుముందు విని ఎరుగను. తండ్రి పంజాబు సర్దారు, తల్లి హంగేరీ దేశస్థురాలు. 1913లో బుడాపెస్టులో పుట్టింది. పారిసులో చిత్రకళ నేర్చింది. 1934 ఆఖరున ఇండియాకు తిరిగి వచ్చింది. 1941లో లాహోరులో ఇరవై ఎనిమిదో ఏట పోయింది. ఆ ఏడేళ్ళలో వేసిన బొమ్మలే ఆ గోడల మీద చాలా మట్టుకు. ఆ తరవాత ఎప్పుడో ప్రభుత్వం ఆమె బొమ్మలను జాతీయ సంపదగా ప్రకటించి, దేశం దాటిపోకుండా కట్టుదిట్టం చేసింది.

ఒక పటంలో ముగ్గురు అమ్మాయిలు కూర్చుని ఉన్నారు. ఎర్రని, పచ్చని బట్టలు. ఒకరి వంక ఒకరు చూసుకోరు, మన వంకా చూడరు. ఏడుపు లేదు, నవ్వు లేదు. 1935లో వేసింది. దానికి బొంబాయి కళాసంఘం వారు బంగారు పతకం ఇచ్చారు.

"ఎవరికోసమే వీళ్ళు కూర్చున్నారు?" అన్నారు మామగారు.

"ఎవరికోసమూ కాదు తాతయ్యా. వీళ్ళనేం చెయ్యాలో పెద్దవాళ్ళు లోపల మాట్లాడుకుంటున్నారు" అన్నది శ్రావణి.

మావారు దగ్గారు. నేను పక్క పటం చూడబోయాను. అది పెళ్ళికూతురి అలంకరణ. నాలుగు రోజులుగా నేను చూస్తున్నదీ పెళ్ళికూతురినే. కాని ఈ పిల్ల మొహంలో పెళ్ళికళ కంటే అలసటే ఎక్కువ కనిపించింది. ఇంకొక దానిలో అయిదుగురు దక్షిణాది బ్రహ్మచారులు తెల్లటి పంచెలతో, జంధ్యాలతో కూర్చున్నారు. వారి ముందు మామగారు చాలాసేపు నిలబడ్డారు. "వీళ్ళను ఎక్కడో చూశాను. మా వేదపాఠశాల అరుగు మీద" అన్నారు. పారిసులో చదివిన పిల్లకు ఆ అరుగు ఎలా తెలిసిందన్నది ఆయన ఆశ్చర్యం. 1936 చివర ఆమె అజంతా చూసి, అక్కడినుంచి దక్షిణాదికి దిగి, కన్యాకుమారి దాకా తిరిగిందట. ఆ తిరుగుడులో హైదరాబాదు కూడా వచ్చింది. సాలార్ జంగ్ నవాబుగారు ఆమె బొమ్మలు తెప్పించుకుని చూసి, కొనకుండానే తిప్పి పంపారట.

"విన్నావా?" అన్నారు మావారు. ఆ రోజున ఆయన కూతురితో నేరుగా అన్న మొదటి మాట అదే. "ఊళ్ళో ఉన్న ఇనపముక్కా, గాజుముక్కా అన్నీ కొన్న నవాబు ఈమెవి కొనలేదు. ఇక అన్నం ఎలా వస్తుంది?"

శ్రావణికి జవాబు దొరకలేదు. అబద్ధం చెప్పదలచుకోలేదు కాబోలు, ఊరుకున్నది. తరవాత తాతగారి వైపు తిరిగి వేరే సంగతి ఎత్తుకున్నది.

"తాతయ్యా, నెహ్రూగారికి ఈమె తెలుసు. 1937లో ఢిల్లీలో ఈమె బొమ్మలు పెడితే ఆయన వచ్చి చూశారు. తరవాత గోరఖ్‌పూర్ దగ్గర వీళ్ళ ఊరికీ వెళ్ళారు. ఉత్తరాలు రాసుకునేవాళ్ళు."

మామగారి మొహం వెలిగింది. "ఆ ఉత్తరాలు ఉన్నాయా ఇక్కడ?"

"చాలా మట్టుకు లేవు తాతయ్యా. ఈమె ఊళ్ళో లేనప్పుడు ఇల్లు సర్దుతూ అమ్మా నాన్నా ఉత్తరాలన్నీ తగలబెట్టేశారు. వాటిలో నెహ్రూగారివి కూడా పోయాయి."

అది నన్ను ఉద్దేశించి అన్నదో కాదో నేటికీ నాకు తెలియదు. నా వైపు చూడలేదు. నేను మాత్రం ఆ గోడ ముందు ఎక్కడ చూడాలో తెలియక నా చేతులు చూసుకున్నాను. పాత కాగితాలవాడు ఆ కట్టకు ఇచ్చిన పదకొండు రూపాయలతో కొత్తిమీర, పచ్చిమిరపకాయలు కొన్నట్టు గుర్తుకు వచ్చింది.

ఈ లోపల మామగారికి బల్ల దొరికింది. కూర్చుని మనమరాలిని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఇది ఎవరు తెరిచారే?"

"1954 మార్చి 29న డాక్టరు రాధాకృష్ణన్‌గారు. అప్పుడు ఆయన ఉపరాష్ట్రపతి. నెహ్రూగారు కూడా వచ్చారు."

మామగారు చేతికర్రతో నేల మీద మెల్లగా కొట్టారు. పిల్లవాడు సరైన జవాబు చెప్పినప్పుడు క్లాసులో అలా కొట్టేవారని మావారు అంటారు.

"1964 నవంబరు 14న తీన్ మూర్తిని జాతికి అంకితం చేసింది ఎవరో తెలుసునా? ఆయనే! అప్పటికి రాష్ట్రపతి. రేడియోలో విన్నాను. అక్కడా మాస్టారే, ఇక్కడా మాస్టారే. పదేళ్ళ తేడాతో రెండు తలుపులూ తీసింది ఒక్క చెయ్యేనన్నమాట. మనమే ఆంధ్రా భవన్‌లో కూర్చుని, అది గొప్పా ఇది గొప్పా అని కొట్టుకున్నాం!"

మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931 నుంచి 1936 దాకా వైస్‌ఛాన్సలరుగా ఉన్న మాస్టారు గదా! మా మామగారికి ఆయన దేవుడితో సమానం. దాటిపోయిన వాళ్ళ ఇల్లు జాగ్రత్త పెట్టడమూ, రాబోయే వాళ్ళ బొమ్మకు గోడ చూపించడమూ రెండూ పంతులు పనులేనని ఆయన తేల్చారు. నాకు ఆ మాట చరిత్ర పుస్తకంలో వాక్యంలా కాక, ఇంట్లో పెద్దవారు తగువు తీర్చినట్టు వినిపించింది.

మూసివేసే వేళయిందని కాపలావాడు చెప్పేదాకా అక్కడే ఉన్నాము. బయటికి వచ్చేసరికి పొగమంచు మళ్ళీ దిగుతున్నది. ఇండియా గేటు దీపాలు పాలలో వేసినట్టు మసకగా ఉన్నాయి.

రైలుకు ఇంకా వేళ ఉన్నది. నేను మావారిని అడగకుండానే ఆటోవాణ్ణి కన్నాట్ ప్లేసుకు పోనిమ్మన్నాను. అక్కడ ఒక కాగితాల దుకాణంలో మంచి దళసరి కాగితపు డ్రాయింగు పుస్తకాలు రెండు కొని శ్రావణి చేతిలో పెట్టాను. అది వాటిని చూసి, నన్ను చూసి, "ఎందుకమ్మా రెండు?" అన్నది. ఎందుకో దానికి తెలుసు. నాకూ తెలుసు. "ధర తగ్గించాడు" అన్నాను.

దుకాణం ముందు గుండ్రంగా తిరిగిపోయే తెల్లటి స్తంభాల వరస కింద మామగారు నిలబడి ఉన్నారు. శ్రావణి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నది.

"తాతయ్యా, ఈ కన్నాట్ ప్లేసు కట్టిన దొర ఎవరో తెలుసా? రసెల్. తీన్ మూర్తి కట్టినాయనే."

మామగారు ఆ స్తంభాన్ని అరచేత్తో నిమిరారు. "పోనీలే, ఆ చేతి పని చూశాను. సగం అప్పు తీరింది" అన్నారు.

రైల్లో అసలు సంగతి జరిగింది. ఆగ్రా దాటాక దీపాలార్పి పడుకున్నాము. నాకు నిద్ర పట్టలేదు. కింది బెర్తు మీద మామగారు కొడుకుతో మెల్లగా మాట్లాడుతున్నారు.

"ఒరే, నేను మళ్ళీ ఢిల్లీ వస్తానా?"

"ఎందుకు రారు నాన్నగారూ!"

"రాను. నాకు తెలుసు. అయినా నాకేం విచారం లేదు. కాని నా యాభై ఏడేళ్ళ ముచ్చట తీసి ఆ పిల్లకు ఇచ్చాం ఇవాళ. దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ ఇంజనీరింగులో తోస్తే నా తీన్ మూర్తి ఊరికే పోయినట్టే. అది నష్టం గదరా!"

మావారు చాలాసేపు మాట్లాడలేదు. నేను ఊపిరి బిగబట్టుకుని పడుకున్నాను. చివరికి, "పడుకోండి నాన్నగారూ, చలి" అని దుప్పటి కప్పడం వినిపించింది. ఆ మరుసటి వేసవిలో హైదరాబాదు వెళ్ళి దరఖాస్తు తెచ్చినది ఆయనే. సంతకం పెడుతూ కూడా మొహం గంటు పెట్టుకునే ఉన్నారనుకోండి.

మా మామగారు అన్నట్టే మళ్ళీ ఢిల్లీ చూడలేదు. 2016లో పోయారు. "ఒకసారి తీసుకువెళదాం" అని మేము ప్రతి చలికాలం అనుకున్నాము. ఒక ఏడు మోకాళ్ళు, ఒక ఏడు సెలవు దొరకలేదు, ఒక ఏడు టిక్కెట్లు దొరకలేదు. ఆ రోజు నా నోటి వెంట 'తీన్ మూర్తి' అని రానందుకు అప్పుడు పడని బాధ, ఆయన పోయాక పడ్డాను.

2023 నవంబరులో శ్రావణికి ఢిల్లీలో ఏదో పని పడి, నన్ను వెంట తీసుకువెళ్ళింది. అది ఇప్పుడు హైదరాబాదులో ఒక బడిలో డ్రాయింగు టీచరు. మిగిలిన వేళల్లో పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. లక్షలు రావు. జీతం మాత్రం ఒకటో తారీకున వస్తుంది. మేము బయలుదేరే ముందు మావారు ఒక వార్త చదివి వినిపించారు. ఆ సెప్టెంబరులో అమృతా షేర్‌గిల్ 1937లో వేసిన పటం ఒకటి వేలంలో 61 కోట్ల 80 లక్షలకు పోయిందట. చదివి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, "నువ్వు కిలో ఎంతకు వేశావు?" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. శ్రావణే ముందు నవ్వింది.

ఈసారి తగువు లేదు. నేరుగా తీన్ మూర్తికి వెళ్ళాము.

ముందు కూడలిలో మూడు విగ్రహాలు. ఆ మూడు మూర్తుల వల్లనే ఆ పేరు. లియొనార్డ్ జెన్నింగ్స్ అనే శిల్పి చేయగా 1922లో పెట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడిన జోధ్‌పూరు, మైసూరు, హైదరాబాదు సంస్థానాల అశ్వికదళాలకు అవి గుర్తులు. 1918 సెప్టెంబరులో హైఫా పట్టణం పట్టుకున్న పోరు జ్ఞాపకంగా, 2018లో ఆ కూడలికి హైఫా పేరు కూడా చేర్చారు. ఆ ముగ్గురిలో ఒకడు మన హైదరాబాదు సిపాయి అని తెలిసి ఉంటే మా మామగారు అక్కడే అరగంట నిలబడేవారు.

ఇల్లు ఆయన ఊహించుకున్న దానికంటే పెద్దదే. రాతి కట్టడం, కింద కమానులు, పైన వరస తీరిన కిటికీలు, వెనక విశాలమైన పచ్చిక. ఆవరణలో ఒక మూల తుగ్లకుల నాటి కుషక్ మహల్ అనే శిథిల భవనం కూడా ఉన్నది. దొర ఇంటికంటే అయిదారు వందల ఏళ్ళు పెద్దది. ఆరేళ్ళనాడు వచ్చి ఉంటే చూసే తీరు ఇప్పుడు లేదు. 2022 ఏప్రిలు 14న ఇక్కడ ప్రధానమంత్రుల సంగ్రహాలయం తెరిచారు. పక్కన పెద్ద కొత్త కట్టడం వచ్చింది. ప్రధానులందరి కథలూ యంత్రాల తెరల మీద కదులుతూ ఉంటాయి. బడిపిల్లలు గుంపులు గుంపులుగా వచ్చి సంబరపడుతున్నారు. మన నరసింహారావుగారి ముందు నిలబడి తెలుగులో మాట్లాడుకుంటున్న ఒక కుటుంబం కూడా కనిపించింది.

నెహ్రూగారి గది పాత ఇంట్లోనే ఉన్నది. అద్దం అవతల మంచం, పుస్తకాలు. ఇంత మేడలో ఆ గది మాత్రం ఒక హెడ్‌మాస్టరు గది లాగే ఉన్నదని నాకు తోచింది. మా మామగారు చూసి ఉంటే ఏమనేవారో తెలియదు. కాని ఆ అద్దం ముందు నాకు కన్నీళ్ళు ఆగలేదు. పక్కనున్న బడిపిల్ల ఒకతె, ఈవిడ నెహ్రూగారికి ఏమవుతుందో అన్నట్టు చూసింది.

బయటికి వచ్చి వెతికితే శ్రావణి పచ్చిక అంచున కూర్చుని బొమ్మ వేస్తున్నది. కమానులు, కిటికీలు, ఒక పక్క చెట్టు. చెట్టు కింద మఫ్లరు చుట్టుకుని, చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడిన ముసలాయన. ఆ పుస్తకం వంక చూశాను. అట్ట అరిగిపోయింది. 2012లో కన్నాట్ ప్లేసులో కొన్న రెండింటిలో ఒకటి. ఒక్క పేజీ దాచి ఉంచిందట.

ఆ పటం ఇప్పుడు తెనాలిలో మా హాల్లో, మామగారి ఫోటో కింద ఉన్నది.

మీరు ఎప్పుడైనా ఢిల్లీ వెళ్ళి, ఒక పూట మిగిలి, ఇంట్లో పెద్దలు ఒక చోటికీ పిల్లలు ఒక చోటికీ లాగితే ఎటు పోవాలని నన్ను అడుగుతారేమో. పిల్లలు అడిగిన చోటికే పొండి. నేను చేసిన దానికి నేను పశ్చాత్తాపపడను. కాని ఇంటికి రాగానే పెద్దవారి కోసం మళ్ళీ టిక్కెట్లు కొనండి. వచ్చే చలికాలం అనుకోకండి. ఇంకొక సంగతి. సోమవారం మాత్రం వెళ్ళకండి, రెండు చోట్లా తలుపులు వేసి ఉంటాయి.